టాప్ రోప్ యాంకర్ కట్టే మనిషి తను దేనికి కట్టుకోవాలి: స్లింగ్, పాస్, తాడు, గ్రిగ్రి, ఏది ఎక్కడ

టాప్ రోప్ సేఫ్ అని అందరం అంటాం, కింద నుంచి ఎక్కేవాళ్ళ వరకు అది నిజమే, పై నుంచి తాడు ఉంటుంది కాబట్టి చెయ్యి జారినా ఒకటి రెండు అడుగులు దిగి వేలాడతారు అంతే. కానీ ఆ తాడు పైన పెట్టాలంటే ముందు ఎవరో ఒకరు గుట్ట వెనక నుంచి నడిచి పైకెక్కి అంచు దాకా వెళ్ళాలి కదా, ఆ మనిషికి అప్పటికి తాడూ లేదు, బీలే (ఇంకొకరు తాడు పట్టి ఆపడం) కూడా లేదు, పైగా చేతుల నిండా సామాను, బుర్రలో ముళ్ళ లెక్కలు. రోజు మొత్తంలో అసలు రిస్క్ ఉండేది ఆ అరగంటలోనే. యాంకర్ (టాప్ రోప్‌ని పైన పట్టి ఉంచే కట్టు) ఎలా కట్టాలి, దానికి ఎన్ని లెగ్స్, ఏ యాంగిల్ అని గంటలు గంటలు వాదించుకుంటాం గానీ, ఆ యాంకర్ కడుతున్న మనిషి ఆ టైంలో దేనికి కట్టుకుని ఉన్నాడు అని మాత్రం అడగం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మన దక్కన్ గ్రానైట్ గుట్టల మీద, అంటే భువనగిరి లాంటి చోట్ల, పైకి నడిచి చేరుకునే పాయింట్లలో, వెనక ఉన్న చెట్టుకో బండకో కట్టిన విడి తాడు, దాని మీద మనం జరుపుకునే గ్రిగ్రి (బరువు పడగానే తాడుని పట్టేసే బీలే డివైస్) గానీ ప్రూసిక్ (బరువు పడితే బిగిసే చుట్టు ముడి) గానీ, దీన్ని మించింది లేదు. పాస్ లాంటి రెడీమేడ్ టెదర్లు (టెదర్ అంటే మనల్ని దేనికైనా కట్టి ఉంచేది) మంచివే కానీ వాటి చోటు వేరు. ఏది ఎందుకు అన్నదే ఈ పోస్ట్. ఇది చదివి సరాసరి గుట్ట ఎక్కేయొద్దు, ముళ్ళూ యాంకర్లూ తెలిసినవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే, అవి కొంచెం వచ్చి ఏ సామాను తీసుకోవాలో తేలనివాళ్ళ కోసం రాస్తున్నా.

ముందు తేల్చుకోవాల్సింది: అంచు దాటనివ్వని తాడా, పడ్డాక పట్టే తాడా

సామాను గురించి మాట్లాడే ముందు ఈ తేడా అర్థం కావాలి, చాలామంది ఇక్కడే తికమక పడతారు. గేదెని మేతకి మేకుకి కట్టినప్పుడు పలుపు ఎంత పొడుగు ఇస్తాం, పక్కవాళ్ళ చేలో మూతి పెట్టలేనంత, అంతే కదా. అంచు దగ్గర మనకి కావాల్సింది ముందుగా అదే, కాలు జారినా కూర్చుండిపోతాం తప్ప అంచు దాటి పోలేం, తాడు పొడుగే మనల్ని ఆపేస్తుంది. ఈ రకంగా వాడితే తాడు స్టాటిక్ (పెద్దగా సాగనిది) అయినా, స్లింగ్ (కుట్టిన పట్టీ లూప్) అయినా పెద్ద తేడా లేదు, ఎందుకంటే పడటం అన్నదే జరగదు, మహా అయితే ఒంటి బరువు పడుతుంది.

రెండోది పడ్డాక పట్టడం. టెదర్‌లో వదులు ఉంది, మనం అంచు దాటి ఒక మీటరు కిందకి వెళ్ళాక తాడు బిగిసింది అనుకోండి, అప్పుడు ఆ దెబ్బని ఏదో ఒకటి మింగాలి. డైనమిక్ తాడు అయితే సాగి మింగుతుంది, దాని స్టాండర్డ్ టెస్టులో 80 కిలోల బరువుని పడేసినా మొదటి దెబ్బ 12 కిలోన్యూటన్లు దాటకూడదని రూలే ఉంది. డైనీమా అనే సన్నటి గట్టి దారంతో చేసిన స్లింగ్ దాదాపు సాగదు. దెబ్బ మొత్తం మన నడుముకి, యాంకర్‌కి, స్లింగ్‌కి వెళ్తుంది. డీఎంఎం అనే క్లైంబింగ్ సామాను కంపెనీ వాళ్ళు స్లింగుల్ని బరువులతో పడేసి చూపించిన టెస్టులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ముడి వేసిన డైనీమా స్లింగులు టక్కుమని తెగిపోవడం కనిపిస్తుంది, అదీ మనం మామూలుగా చిన్నదే అనుకునే పొడుగు పడితేనే. 22 కిలోన్యూటన్లు అని లేబుల్ మీద రాసి ఉంది కదా అంటారు కొందరు, ఆ నంబరు ముడి లేని స్లింగుని మెల్లగా లాగితే వచ్చేది, మనిషి పడితే వచ్చేది కాదు.

కాబట్టి ఏ సామాను ఎంచుకున్నా అడగాల్సింది ఒకటే, ఇది నన్ను అంచు ఇవతలే ఆపుతుందా, లేక పడ్డాక పట్టాలా. పట్టాల్సిన అవసరమే రాకుండా సెట్ చేసుకోవడం మన పని.

మన గుట్టలకి అంచు ఎక్కడుందో కనపడదు

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకం అనే చెప్పాలి. భువనగిరి చూసినవాళ్ళకి తెలుసు, కోట కట్టిన ఆ కొండ మొత్తం ఒకే బండ, గుడ్డు వంపులా ఉంటుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట తాడు పట్టుకున్నది అక్కడే, ఇప్పటికీ ఎంతోమంది తొలి పాఠాలు అక్కడే. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలదీ ఇదే రాయి, సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్, ఎండకీ వానకీ పొరలు పొరలుగా ఊడి గుండ్రంగా అయిపోయింది. ఫలితం ఏంటంటే పైన నిలబడి చూస్తే ఇక్కడితో ఆఖరు అనే గీత లేదు, ముందు కొంచెం వాలు, ఇంకా కొంచెం వాలు, బూటు బాగానే పట్టుకుంటుంది అనుకుంటూ నాలుగడుగులు వేస్తాం, ఐదో అడుగు కింద చిన్న గ్రానైట్ పలుకులు ఉంటాయి, ఇసుక లాంటివి, వాటి మీద బూటు బేరింగ్ మీద పెట్టినట్టే పోతుంది. వాన నీళ్ళు జారిన నల్ల చారలు ఎండాకాలంలో గరుగ్గానే ఉంటాయి, వానాకాలం పొద్దున పూట వాటి మీద అడుగు వేసి చూడండి, కాదు, వేయకండి.

ఇదే అమెరికాలో మేరీలాండ్ కార్డెరాక్, వర్జీనియా గ్రేట్ ఫాల్స్ లాంటి చోట్లకి వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఉన్నారు, జిమ్‌లో మొదలుపెట్టి బయటికి వెళ్ళేవాళ్ళకి ఆ ఏరియాలో మొదట దొరికేది ఈ రెండే. అక్కడ అంచు చాలాచోట్ల స్పష్టంగా ఉంటుంది, చెట్లు దగ్గరగా ఉంటాయి. అంచు కనపడుతుంది కాబట్టి భయం ఉంటుంది, భయం ఉంటే జాగ్రత్త ఉంటుంది, మన గుండ్రటి గుట్టల మీద ఆ భయం ఆలస్యంగా వస్తుంది, అదీ ఇబ్బంది. బాదామి ఇసుకరాయి గోడల సంగతి వేరు, అక్కడ ఎక్కువగా రాయికి బోల్టులు కొట్టిన లీడ్ రూట్లు (తాడు కింద నుంచి వెంట తీసుకుని ఎక్కేవి), ఆ కేసు కింద చెప్తా.

అందుకని అంచు ఎక్కడ అని వెతక్కండి. చేతులు నేలకి ఆనించకుండా, రెండు చేతుల్లో సామానుతో, వెనక్కి తిరిగి కూడా హాయిగా నడవగలిగే చోటు ఎక్కడ అయిపోతుందో అదే మీ గీత. ఆ గీత దగ్గరికి వచ్చే ముందే కట్టుకోవాలి, గీత మీద నిలబడి కాదు. హార్నెస్, హెల్మెట్ అయితే నడక మొదలుపెట్టినప్పుడే వేసుకుని ఉండాలి.

ఇక సామాన్లు

ఏమీ కట్టుకోకుండా జాగ్రత్తగా ఉంటాలే అనేవాళ్ళ గురించి రెండు ముక్కలు. యాంకర్ కట్టడం అంటే చూపు ముడి మీద ఉండే పని, కాళ్ళ మీద కాదు. తాడు చుట్ట విసిరేటప్పుడు ఒళ్ళంతా ముందుకి వెళ్తుంది. దీన్ని పోలికలోకే తీసుకోను.

పార్ట్‌నర్ వెనక కూర్చుని పట్టుకోవడం అన్నది ఇంకో పద్ధతి, పార్ట్‌నర్ తను చెట్టుకి కట్టుకుని, బీలే డివైస్‌తో మనకి తాడు ఇస్తూ ఉంటే ఇది బాగానే పనిచేస్తుంది, కొత్తవాళ్ళని మొదటిసారి అంచు దగ్గరికి పంపేటప్పుడు నేనైతే ఇదే చేయమంటా. కానీ ఇద్దరు పైన ఉండాలి, కింద గ్రూప్‌ని చూసేవాళ్ళు ఇంకొకరు కావాలి. పార్ట్‌నర్ కట్టుకోకుండా నడుం చుట్టూ తాడు వేసుకుని కూర్చుంటా అంటే మాత్రం వద్దు, ఇద్దరూ పోతారు.

*స్లింగ్.* 120 సెంటీమీటర్ల స్లింగుని హార్నెస్‌కి గర్త్ హిచ్ (లూప్‌ని దానిలోంచే దూర్చి బిగించే ముడి) వేసి చివర లాకింగ్ కారబైనర్ (లాక్ పడే కొక్కెం) పెట్టేసుకోవడం అందరికీ తెలిసిన పద్ధతి, చవక, తేలిక. పొడుగు మార్చుకోలేం అన్నది దీని పెద్ద లోపం, మార్చాలంటే మధ్యలో ముడి వేయాలి, ముడి వేస్తే బలం తగ్గుతుంది. బోల్టు ఎదురుగా వేలాడుతూ ఉన్నప్పుడు ఓకే, గుట్ట మీద నడిచే పనికి ఇది ఒక మీటరు దూరం దాటి పనికిరాదు. వాడితే డైనీమా కన్నా నైలాన్ మేలు, కొంచెమైనా సాగుతుంది, వేడికి కూడా ఎక్కువ తట్టుకుంటుంది, డైనీమా 145 డిగ్రీల దగ్గర్లోనే కరుగుతుంది, నైలాన్ 200 దాటాక గానీ కరగదు.

*డైసీ చైన్.* సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తుందనో, సీనియర్ ఎవరో ఇచ్చారనో చాలామంది దగ్గర ఉంటుంది. ఇది ఎయిడ్ క్లైంబింగ్ (సామాను పట్టుకుని, దాని మీద నిలబడి ఎక్కే పద్ధతి) కోసం పుట్టింది, ప్రాణం ఆనించడానికి కాదు. మొత్తం పొడుగున లాగితే బలమే కానీ మధ్యలో ఉన్న ఒక్కో జేబు కుట్టు రెండు మూడు కిలోన్యూటన్లకే ఊడిపోవచ్చు. అంతకన్నా ఘోరం, పొడుగు తగ్గించడానికి ఒకే కారబైనర్‌లో రెండు జేబులు తగిలిస్తారు, ఆ మధ్య కుట్టు ఊడిందంటే కారబైనర్ దేనికీ తగులుకుని ఉండదు, చేతిలోకి వచ్చేస్తుంది. చూడ్డానికి మాత్రం రెండు చోట్ల తగిలించాం కదా డబుల్ సేఫ్ అనిపిస్తుంది. టెదర్‌గా వాడొద్దు, అంతే.

*పాస్.* మెటోలియస్ వాళ్ళ పేరు ఇది, ఇప్పుడు ఆ రకం మొత్తానికీ ఇదే పేరుతో పిలుస్తున్నారు. గొలుసు లాగా ఒక లూప్‌లో ఇంకో లూప్, ప్రతి లూపూ పూర్తి బలం ఉంటుంది కాబట్టి డైసీ చైన్ జబ్బు దీనికి లేదు. ఎక్కడ తగిలించినా నమ్మొచ్చు. కానీ లూప్ లూప్‌కి మధ్య పొడుగు సర్దుబాటు లేదు, బిగుతుగా రావాలంటే అటు ఇటు అవుతుంది, ఇంకా అది డైనమిక్ కాదు, వదులు పెట్టి దాని మీద పడటానికి లేదు.

*సర్దుకునే లాన్యార్డ్.* పెట్జల్ కనెక్ట్ అడ్జస్ట్ లాంటివి. డైనమిక్ తాడు ముక్క, ఒక చిన్న డివైస్, లాగితే పొట్టి అవుతుంది, నొక్కితే పొడుగు అవుతుంది, దాదాపు మీటరు లోపల ఎంతైనా పెట్టుకోవచ్చు. బోల్టు యాంకర్ దగ్గర పనిచేసేవాళ్ళకి పాస్ కన్నా ఇదే మెరుగు అని నా ఓటు, ఎందుకంటే బిగుతుగా పెట్టుకోవడం సులువైతే మనం నిజంగానే బిగుతుగా పెట్టుకుంటాం, కష్టమైతే కొంచెం వదిలేస్తాం. ఖరీదు మాత్రం ఎక్కువే.

స్లింగ్, పాస్, లాన్యార్డ్ మూడింటికీ కలిపి ఒక మాట, గర్త్ హిచ్ హార్నెస్ రెండు టై-ఇన్ పాయింట్లలోంచి (తాడు కట్టుకునే చోట్లు) వేయండి, వాటిని కలిపే బీలే లూప్‌కి పర్మనెంట్‌గా తగిలించి నెలల తరబడి వదిలేయొద్దు. 2006లో టాడ్ స్కిన్నర్ లాంటి పెద్ద క్లైంబర్ యోసెమిటీలో చనిపోయింది అరిగిపోయిన బీలే లూప్ తెగడం వల్లే. ఒకే చోట గుడ్డ మీద గుడ్డ రాసుకుంటూ ఉంటే అరుగుతుంది, తిప్పి చూస్తే గానీ కనపడదు.

*తాడు, క్లోవ్ హిచ్.* ఇక్కడి నుంచి నాకు ఇష్టమైన భాగం. చెట్టుకి ఫిగర్ ఎయిట్ ముడితోనో బోలైన్ ముడితోనో తాడు కట్టి, మన బీలే లూప్‌లో ఉన్న లాకింగ్ కారబైనర్‌కి అదే తాడుతో క్లోవ్ హిచ్ అనే ముడి వేసుకోవడం. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ముడి విప్పకుండానే ఒక పక్క నుంచి తాడు పెట్టి ఇంకో పక్కకి లాగి పొడుగు మార్చొచ్చు, మార్చేటప్పుడు కూడా విడిపోం. ఇబ్బంది ఏంటంటే దానికి రెండు చేతులూ కావాలి, తాడు మీద బరువు ఉంటే జరగదు, బండ మీద వాలి పనిచేస్తూ ఇంకో అర మీటరు కిందకి వెళ్ళాలంటే ముందు పైకి రావాలి. ఒకే చోట నిలబడి చేసే పనికి ఇది చాలు, నిజంగా చాలు.

*తాడు, ప్రూసిక్.* 10, 11 మిల్లీమీటర్ల తాడు మీద 6 మిల్లీమీటర్ల కార్డ్ లూప్‌తో మూడు చుట్లు, దాన్ని బీలే లూప్‌కి లాకింగ్ కారబైనర్‌తో. ముడిని చేత్తో జరుపుకుంటూ ముందుకి వెళ్తాం, బరువు వేస్తే పట్టుకుంటుంది. చవక, బ్యాగులో చోటు పట్టదు. రెండు జాగ్రత్తలు, చుట్లు నీట్‌గా పక్కపక్కన ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే జారుతుంది. ఇంకోటి, ముడిని గుప్పిట్లో పట్టుకుని జరిపే అలవాటు ఉన్నప్పుడు జారితే మనిషి భయంతో గుప్పిట ఇంకా బిగిస్తాడు, అప్పుడు ప్రూసిక్ పట్టుకోకుండా చేత్తో పాటు జారుతుంది. అందుకే బ్యాకప్ ముడి తప్పనిసరి.

*తాడు, గ్రిగ్రి.* నా ఫస్ట్ చాయిస్. హ్యాండిల్ తిప్పి మెల్లగా ముందుకి వెళ్ళొచ్చు, వెనక్కి వస్తూ తాడు లాగేసి బిగించుకోవచ్చు, బరువు మీద ఉండగానే పొడుగు మార్చుకోవచ్చు, అందుకే వదులు అనేదే మిగలదు. ఇప్పుడు వస్తున్న గ్రిగ్రి 8.5 నుంచి 11 మిల్లీమీటర్ల సింగిల్ తాళ్ళకి, మీ తాడు ఆ లెక్కలో ఉందో లేదో చూసుకోండి, మట్టి పట్టి బిరుసెక్కిన లావు తాడు అయితే నరకం.

కానీ గ్రిగ్రి వాడేవాళ్ళు చేసే తప్పు ఒకటుంది, తాడు తిరగేసి ఎక్కించడం. బీలే చేసేటప్పుడు క్లైంబర్ వైపు వెళ్ళే తాడు ఉంటుంది కదా, ఇక్కడ ఆ వైపు చెట్టుకి వెళ్ళాలి, బ్రేక్ వైపు కొస మన దగ్గర ఖాళీగా ఉండాలి. చెట్టు పక్కనే, చదును నేల మీదే, వెనక్కి వాలి పూర్తి బరువు వేసి చూడండి, పట్టుకుంటే అప్పుడు అంచు వైపు. రెండోది, గ్రిగ్రి ఎప్పుడైనా పట్టేస్తుంది అనే నమ్మకం వద్దు, బండ మీద బోర్లా పడుకుని పనిచేస్తున్నప్పుడు డివైస్ రాయికి నొక్కుకుంటే లోపల తాడుని బిగించే కామ్ కదలకపోవచ్చు, హ్యాండిల్ దేనికైనా తట్టుకుంటే తాడు వదిలేస్తుంది. కాబట్టి పనిచేసే చోటికి వచ్చాక గ్రిగ్రి కింద బ్రేక్ తాడుకి ఒక ఫిగర్ ఎయిట్ లూప్ వేసి బీలే లూప్‌కి ఇంకో లాకింగ్ కారబైనర్‌తో తగిలించేయండి. తాడు ఆఖరి కొసకి ముడి ఎటూ ఉండాలి, ప్రూసిక్ అయినా గ్రిగ్రి అయినా, కొస దాటి జారిపోకుండా.

చెట్టు పక్కకి ఉంటే లెక్క మారిపోతుంది

ఇది చాలామందికి తట్టదు. చెట్టు అంచుకి సూటిగా 8 మీటర్ల వెనక ఉంది అనుకోండి. మీరు రూట్ పైన పాయింట్ కోసం పక్కకి 6 మీటర్లు వెళ్ళారు, అంచు దాకా, అక్కడికి చేరడానికి తాడు 10 మీటర్లు పట్టింది. పని అయ్యాక అదే తాడు పొడుగుతో చెట్టుకి ఎదురుగా వచ్చారు, ఇక్కడ అంచు 8 మీటర్ల దగ్గరే, మీ దగ్గర తాడు 10 మీటర్లు. అంటే అంచు దాటి 2 మీటర్లు పడేంత వదులు ఇప్పుడు మీ వెనక నేల మీద పడుకుని ఉంది. పక్కకి కదిలిన ప్రతిసారీ తాడు బిగించాలి. సర్దుకోలేని టెదర్ ఏదైనా ఇక్కడ ఫెయిల్, క్లోవ్ హిచ్ కూడా బద్ధకం వేస్తే ఫెయిలే, గ్రిగ్రి నెగ్గేది ఇక్కడే. ఇంకా పక్కన ఉన్నప్పుడు జారితే లోలకంలా ఊగి చెట్టుకి ఎదురు లైన్‌లోకి వస్తాం, తాడు రాయి మీద అడ్డంగా కోసుకుంటూ వస్తుంది, అది ఇంకో తలనొప్పి. కుదిరితే పనిచేసే చోటుకి సూటిగా వెనక ఉన్న దాన్నే ఎంచుకోండి.

స్టాటిక్ తాడా డైనమిక్ తాడా అన్నదానికి కూడా జవాబు ఈ దూరంలోనే ఉంది. డైనమిక్ తాడు మీద ఒంటి బరువు వేస్తేనే 7, 8 శాతం సాగుతుంది, స్టాండర్డ్ 10 శాతం దాకా ఒప్పుకుంటుంది. 15 మీటర్ల తాడు వదిలి ఉన్నారంటే వాలగానే ఒక మీటరు పైన ముందుకి వెళ్ళిపోతారు, అంచు అర మీటరు దూరంలో ఉంటే ఆపే తాడు అన్న మాటకి అర్థం పోయినట్టే. స్టాటిక్ తాడు 5 శాతం లోపే. దూరం ఎక్కువుంటే స్టాటిక్, బిగుతుగా, వదులు లేకుండా. దూరం తక్కువ, అంచు దాటి కొంచెం కిందకి వంగాల్సిన పని ఉంది అంటే డైనమిక్.

దేనికి కట్టాలి

ఎంత మంచి టెదర్ అయినా అవతలి కొస పనికిమాలిన దానికి కడితే ఏం లాభం. గుట్టల మీద ముందు కనిపించేది సీతాఫలం పొదలు, పచ్చగా గట్టిగా కనిపిస్తాయి, వాటికి టవల్ ఆరేసుకోండి, మనిషిని కట్టొద్దు. బండ పగుల్లోంచి వచ్చిన రావి, జువ్వి చెట్లు మొదలు లావుగా ఉంటుంది గానీ వేళ్ళ కింద మట్టి దోసెడు కూడా ఉండకపోవచ్చు. బతికున్న చెట్టు, కనీసం 12, 13 సెంటీమీటర్ల మందం, మొదట్లో తోసి ఊపినా కదలకూడదు, కట్టేది మొదలు దగ్గర, కొమ్మకి కాదు. అనుమానం ఉంటే రెండు చెట్లకి కట్టండి.

బండలు అయితే, మన దగ్గర బండల మీద బండలు పేర్చినట్టుండే ఊరు కదా, పెద్దది కనపడగానే నమ్మేస్తాం. కింద ఏముందో వంగి చూడాలి, గులకరాళ్ళ మీద కూర్చుందా, వాలు అంచు వైపు ఉందా, చుట్టిన స్లింగ్ పైకి జారిపోయే గుండ్రటి ఆకారమా. కారంత బండ చదునుగా కూర్చుని ఉంటే సరే.

మన టెదర్ కట్టింది, టాప్ రోప్ యాంకర్ కట్టేది, రెండూ ఒకే చెట్టా అని అడుగుతారు. చెట్టు నిజంగా బలమైనదైతే ఒకటే ఉన్నా పర్లేదు, కానీ ముళ్ళు విడివిడిగా ఉండాలి. మన టెదర్ ఎప్పుడూ ఇంకా కడుతూ ఉన్న యాంకర్ మీద ఆధారపడకూడదు, ఆ యాంకర్‌ని మనం ఇంకా విప్పుతాం, సర్దుతాం, మార్చుతాం కదా. పొడుగు స్టాటిక్ తాడు ఉన్నవాళ్ళు ఒక ట్రిక్ వాడతారు, తాడు ఒక కొస మొదటి చెట్టుకి, మధ్య భాగం అంచు మీదుగా మాస్టర్ పాయింట్‌కి (టాప్ రోప్ వేలాడే చోటు), అక్కడి నుంచి రెండో చెట్టుకి, మిగిలిన తోక మన టెదర్. సామాను తగ్గుతుంది, బాగుంటుంది, కానీ ఏ ముడి యాంకర్‌ది ఏ ముడి మనది అని తడబడే స్టేజ్‌లో ఉన్నవాళ్ళు వేరే రంగు తాడు విడిగా తెచ్చుకోవడమే మంచిది.

బోల్టులు అంచు కింద ఉంటే

కొన్ని చోట్ల యాంకర్ బోల్టులు అంచు దాటి ఒక మీటరు కిందకి కొడతారు, కింద నుంచి లీడ్ చేసి వచ్చేవాళ్ళకి అది సుఖం, పై నుంచి వచ్చేవాళ్ళకి అదే అన్నిటికన్నా చెడ్డ క్షణం. బోర్లా పడుకుని చెయ్యి చాపి తగిలించేద్దాం అనుకోవద్దు. పై తాడు మీద గ్రిగ్రితో బరువు వేసి దిగండి, బోల్టు దగ్గరికి చేరాక కనెక్ట్ అడ్జస్టో పాసో తీసి బోల్టుకి తగిలించండి, పై తాడు మాత్రం అలాగే ఉంచండి, విప్పొద్దు, ఇప్పుడు రెండు చోట్ల ఉన్నారు. పొట్టి టెదర్లకి అసలు పని ఇదే. తుప్పు మరకలు కారుతున్న బోల్టు, చేత్తో తిరిగే హ్యాంగర్ (బోల్టుకి ఉండే, కారబైనర్ తగిలించే రేకు) కనపడితే దాని మీద టాప్ రోప్ పెట్టే ఆలోచన మానేసి పైకి వచ్చేయండి.

బాదామి లాంటి చోట్ల, లేదా పైకి దారి లేని ఏ గోడ అయినా, లీడ్ చేసి ఎక్కి యాంకర్ పెట్టే పద్ధతిలో గొడవ తక్కువ. మీరు అప్పటికే తాడు మీద, కింద బీలేయర్ ఉన్నాడు. బోల్టుకి టెదర్ తగిలించి బరువు వేసి యాంకర్ కట్టుకోండి, కింద బీలేయర్‌ని మాత్రం బీలే తీయనివ్వొద్దు, ఆఫ్ బీలే అని అలవాటుగా అరవొద్దు. అటు గాలి, ఇటు ట్రాఫిక్, ఎవరేం విన్నారో తెలియదు. ఎక్కే ముందే నేలమీద మాట్లాడుకోండి, పైన ఏం చేస్తాను, ఎలా దిగుతాను అని.

మీకేది

జిమ్ నుంచి కొత్తగా బయటికి వస్తున్నారు, బోల్టు యాంకర్లున్న చోట్లకే వెళ్తారు అంటే సర్దుకునే లాన్యార్డ్ ఒకటి, డబ్బు చూసుకోవాలంటే పాస్. నడిచి పైకెళ్ళే గుట్టలు, చెట్లూ బండలూ అయితే 20 మీటర్ల విడి తాడు, మీ దగ్గర ఎలాగూ ఉండే గ్రిగ్రి, మూడు లాకింగ్ కారబైనర్లు. గ్రిగ్రి కింద బీలేయర్‌కి కావాలి కదా అంటే, ఆ ప్రశ్న కరెక్టే, అప్పుడు ప్రూసిక్‌తో కానీండి, లేదా యాంకర్ పని అయ్యాక గ్రిగ్రి కిందకి తీసుకెళ్ళండి, మీరు పైన ఉండగా కింద ఎవరూ ఎక్కరు కదా. గ్రూపులు తీసుకెళ్ళేవాళ్ళు పైన ఇంకెవరినీ ఆ గీత దాటనివ్వకండి, ఫోటో కోసం అయినా సరే, చూసి నేర్చుకుంటాను అన్నవాళ్ళకి కూడా విడి టెదర్ కట్టాకే.

టెదర్ తాడు అంచు మీద రాసుకునే చోట పాత జీన్స్ ప్యాంటో గోనెసంచి ముక్కో వేయండి, గ్రానైట్ స్ఫటికాలు తాడు పైతొడుగుని ఆకురాయిలా పీకేస్తాయి.

సాయంత్రం యాంకర్ విప్పే టైం ఇంకో అరగంట, పొద్దున్నంత జాగ్రత్త అప్పుడు ఎవరికీ ఉండదు. ఒళ్ళు అలిసి, ఎండ దిగి, కింద వాళ్ళు బ్యాగులు సర్దేసి బండి స్టార్ట్ చేసుకుని పిలుస్తుంటారు. ఆర్డర్ మాత్రం పొద్దుటిదే తిరగేసి, ముందు టెదర్ కట్టుకోవడం, బరువు వేసి చూడటం, తర్వాత అంచుకి వెళ్ళి మాస్టర్ పాయింట్ పైకి లాక్కోవడం, సామానంతా గీత ఇవతలకి వచ్చాక, మీరూ వచ్చాక, ఆఖరున టెదర్.

తాడు కొత్తది కొనడం బరువైతే, కొసలు మాత్రమే అరిగి రిటైర్ చేసిన తాడులో మధ్య ముక్క బాగుంటే దాన్నే 20 మీటర్లు కోసి కొస కాల్చి వాడుకోవచ్చు. గట్టి ఫాల్స్ తిన్న తాడు, ఆసిడ్ పడ్డ తాడు, ఎప్పటిదో గుర్తులేని తాడు అయితే ఆ పనికి కూడా వద్దు, బట్టలు ఆరేసుకోడానికి ఇచ్చేయండి.